సంతకము లేని మందుచీటి

విమర్శకులు సాధారణముగా కావ్యమును, నాటకమును, నవలను విచారించి తమ పని ముగిసినదని తలంతురు. కాని మన గృహములలో నేడు ప్రతిదినమును చదువబడుచున్న వాఙ్మయమేది యని ప్రశ్నించినచో, కావ్యమని గాని నవలయని గాని ప్రత్యుత్తరమీయగలవారు మిక్కిలి అరుదు. తెల్లవాఱి చేతిఫోను తెఱవగానే కుటుంబపు వాట్సాప్ గ్రూపులో కంటబడు గృహవైద్య సందేశమే ఆ వాఙ్మయము. మెంతులు నానిన నీటితో మధుమేహము మాయమగుననియు, నిమ్మరసముతో గుండెనాళములు శుభ్రపడుననియు, ఒకానొక ఆకుపసరుతో మూత్రపిండములలోని రాళ్లు కరగిపోవుననియు అది చెప్పును. దీనిని చూడని యిల్లు లేదు. దీనిని ఒక రచనగా నెంచి గుణదోషములు విచారించువారు మాత్రము అరుదు. జనులు ఏది చదివి దాని ననుసరించి నడచుకొనుచున్నారో అది విమర్శకు తగినదే యని మా అభిప్రాయము.

ఈ విచారణకు మేము విశాఖపట్టణమును ఎన్నుకొంటిమి. ఇది రేవు పట్టణము, ఉక్కు పట్టణము. బ్రతుకుతెరువునకై శ్రీకాకుళము, విజయనగరము, గోదావరి మండలముల నుండియు, ఒడిశానుండియు వచ్చి స్థిరపడినవారు ఇచ్చట వేలకొలది. తండ్రి ఉక్కు కర్మాగారమున ఉద్యోగము విరమించి గాజువాకలో నుండును. మేనమామలు శ్రీకాకుళపు పల్లెలో నుందురు. కుమార్తె హైదరాబాదులోను, కుమారుడు అమెరికాలోను కాపురముందురు. పండుగకైనను ఒక్కచోట కూడజాలని యిట్టి కుటుంబమునకు ఆ గ్రూపే వీధియరుగు. ఇక వైద్యమునకు కొఱతయా యనగా అదియు లేదు. వైద్యకళాశాలయు, కింగు జార్జి ఆసుపత్రియు 1923 నుండి ఈ పట్టణమున నున్నవి. వైద్యుడు లేని సీమలో చిట్కాలు ప్రబలుట సహజము. వైద్యులకు కొఱతలేని పట్టణమున అవి యేల ప్రబలినవి? ఈ ప్రశ్నయే మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పినది.

మొదట ఆ సందేశముల రచనాక్రమమును పరిశీలింతము. ప్రారంభమున 'దయచేసి నిర్లక్ష్యము చేయవద్దు' అను హెచ్చరిక యుండును. పిమ్మట ఏదో దూరపు నగరమందలి గొప్ప వైద్యుని పేరు; ఆయన కలడో లేడో, ఉన్నచో ఆ మాట పలికెనో లేదో తెలిసికొను మార్గముండదు. తరువాత ఒక రహస్యము: మందుల కంపెనీలు దీనిని మననుండి దాచుచున్నవట! ఆపై ఒక సంఖ్య: 21 దినములు, 7 ఆకులు, 3 గ్రుక్కలు. చివరకు ఫలశ్రుతి: దీనిని 10 మందికి పంపినచో ఒక ప్రాణమైనను నిలుచును. 'ఈ ఉత్తరమును మఱి పదిమందికి వ్రాయనివారికి అరిష్టము కలుగును' అని కార్డుముక్కలు ఇల్లిల్లు తిరిగిన కాలము మన పెద్దలకు జ్ఞాపకమే యుండును. నాటి కార్డు భయపెట్టి వ్రాయించినది; నేటి సందేశము దయను మేల్కొలిపి పంపించుచున్నది. భయమునకు లొంగనివారు కొందఱుందురు గాని, ఒక ప్రాణము నిలుచునన్నచో వ్రేలు కదపనివారెవరు?

ఇక విషయమునకు వత్తము. ఒంటరిగా నున్నవానికి గుండెపోటు వచ్చినచో గట్టిగా దగ్గుచుండవలెనని చెప్పు సందేశము ఎన్నో యేండ్లుగా తిరుగుచున్నది. దీనికి బీజము కలదు. ఆసుపత్రిలో గుండెనాళపరీక్ష జరుగుచుండగా గుండెలయ హఠాత్తుగా తప్పినపుడు, ప్రక్కనున్న వైద్యుడు రోగిని దగ్గుమనుట కలదు. దానిచేత కొన్ని క్షణములు స్మృతి నిలువవచ్చును. యంత్రముల నడుమ, వైద్యుని కన్నులయెదుట పలుకబడిన ఆ మాటను ఆ గదినుండి పెఱికి, వంటింటిలో ఒంటరిగా నున్న ముసలివాని చేతిలో పెట్టుటయే ఈ సందేశము చేసిన పని. అతడు దగ్గుచు కూర్చుండును. 108 కు ఫోను చేయవలసిన నిమిషములు గడచిపోవును.

మఱియొకటి పక్షవాతమును గుఱించినది. రోగిని కదపవద్దనియు, సూదితో పదివ్రేళ్ల కొసలను పొడిచి రక్తము తీయవలసినదనియు అది ఆజ్ఞాపించును. దీనియందు బీజమైనను లేదు. మెదడునాళమున గడ్డకట్టిన రక్తమును కరగించు మందు వ్యాధి సోకిన నాలుగున్నర గంటలలోపుగా ఈయవలసియున్నది. ఆ లోపుగా ఆసుపత్రి చేరినవాడు తిరిగి నడువగలుగుటకు అవకాశమున్నది. కదపక కూర్చుండబెట్టబడినవానికి ఆ అవకాశము జాఱిపోవును. ఈ సందేశము చేయుమన్న పనికంటె చేయవద్దన్న పని ఎక్కువ ప్రమాదకరము.

వానకాలమున విశాఖపట్టణపు వాడలలో డెంగీ జ్వరము తఱచు. అప్పుడు బొప్పాయి ఆకురసమును గుఱించిన సందేశములు వెల్లువగా వచ్చును. ఆ రసముచేత రక్తములోని ప్లేట్‌లెట్ల సంఖ్య కొంత పెరిగినదని కొన్ని చిన్న పరిశోధనలు చెప్పినమాట నిజమే. అయితే వ్యాధి తీవ్రతను గాని మరణమును గాని అది ఆపునని నిశ్చయముగా ఋజువు కాలేదు. డెంగీలో ప్రాణాపాయము ముఖ్యముగా రక్తమునందలి ద్రవము నాళములనుండి వెలికి ఊరిపోవుటవలన కలుగును. అదియు తఱచుగా జ్వరము తగ్గుముఖము పట్టిన దినములలోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము, మగత అను గుర్తులను గనిపెట్టి తక్షణమే ఆసుపత్రికి పోవలసిన ఆ సమయమున, 'జ్వరము తగ్గినది, ఆకురసము పనిచేసినది' అని గృహస్థుడు నిశ్చింతగా నుండును. ఆకురసము విషము కాదు. అది కలిగించు నిశ్చింతయే అపాయకరము.

ఇట్లు దోషములెన్నిన విమర్శకుడు గుణములనుగూడ చెప్పవలెను. ఈ సందేశము తెలుగులో నున్నది. వైద్యుడు మనకిచ్చు చీటియో, ఇంగ్లీషులో, అదియు అంగడివానికి దక్క అన్యులకు తెలియని వ్రాతలో నుండును. సందేశము ఎన్నిమాఱులు చదివినను విసుగుకొనదు. సర్కారు ఆసుపత్రిలో వరుసకట్టి నిలిచినవానికి వైద్యునితో రెండు నిమిషములు మాటాడ దొరకుట దుర్లభము. అన్నిటికంటె ముఖ్యముగా, దానిని పంపినది మన పెద్దమ్మయో, పెదనాన్నయో, అక్కయో. వారు పంపునది వైద్యమని మనము తలంతుము; నిజముగా వారు పంపునది 'నీవు క్షేమముగా నుండవలె' నను మాట. దూరదేశముననున్న కుమారునికి కషాయము కాచి యీయజాలని తల్లి దానికి బదులు ఈ సందేశమును పంపుచున్నది. ఈ ప్రేమను ఎఱుగక పరిహసించు సంస్కర్త మాట గ్రూపులో నెవరును వినరు, వినకుండుట న్యాయమే.

ప్రేమ యొక్కటియే ఈ వాఙ్మయమును పోషించుటలేదు. రెండవ కారణమును ఈ పట్టణమే మనకు దారుణముగా బోధించినది. 2020 మే 7 వ తేదీ తెల్లవాఱుజామున, సుమారు 3 గంటల వేళ, వెంకటాపురము చెంతనున్న ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి నిద్రించుచున్న వాడలను క్రమ్మినది. జనులు ఊపిరాడక వీధులలో పడిపోయిరి. పండ్రెండుగురు మరణించిరి, వందలకొలది ఆసుపత్రులకు చేర్పబడిరి. ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము అదే సంవత్సరము జూలైలో తన నివేదికనిచ్చినది. ఆ కర్మాగారమున 36 తావులలో ప్రమాదసూచనకు ఏర్పాటుండినను సైరను మ్రోగింపబడలేదని అందు తేలినది.

సైరను పలుకవలసిన వేళ పలుకలేదు. ఫోనులు పలికినవి. పాలు త్రాగవలసినది, అరటిపండును బెల్లమును తినవలసినది, అవి వాయువునకు విఱుగుడు అను సలహా ఆ దినమున చేతినుండి చేతికి వ్యాపించినది. వార్తాసాధనములలోను అది వెలువడినది. ఈ సలహా ఎక్కడిది? మిల్లులలోను, దుమ్ము రేగు కర్మాగారములలోను పనిచేయువారు పని ముగిసినపిదప బెల్లపుముక్క నమలుట దేశమంతట నున్న వాడుక. దానిచేత దుమ్ము కడుపులోనికి దిగిపోవునని నమ్మకము. రేవు బొగ్గుదుమ్ముతో బాధపడిన పాతపట్టణపు వాడలకు ఈ నమ్మకము క్రొత్త గాదు. ఆ పాత అలవాటే ఆ ఉదయమున విషవాయువునకు మందై కూర్చున్నది. కాని బెల్లము పోవునది కడుపులోనికి, స్టైరీన్ పోయినది ఊపిరితిత్తులలోనికి. పైగా స్మృతి తప్పుచున్నవాని నోట పాలు పోసినచో అవి ఊపిరిగొట్టములోనికి జాఱి వాని ప్రాణమునకే ముప్పు తేగలవు. అట్టివేళ చేయవలసినది గాలి వచ్చు దిక్కును గమనించి దానికి అడ్డముగా దూరము పోవుట, మంచిగాలి తగులు చోటికి చేరుట, తడిసిన బట్టలు విప్పి ఒడలు కడుగుకొనుట. ఈ మూడు మాటలను ఆ పల్లెవారికి ఎవరైనను ముందుగానే, తెలుగులో, ఇంటింటికి చెప్పియుండవలసినది. చెప్పవలసినవారు మౌనము వహించినచోట చెప్పరానివారు వైద్యులగుదురు. ఆ రాత్రి వాయువు మరల వెలువడినదను మాట పుట్టి, పిల్లలను చంకనిడుకొని జనులు అర్ధరాత్రమున రోడ్లమీదికి వచ్చిరి. ఉదయమున హెచ్చరిక రానివారు రాత్రి వదంతిని నమ్మిరనుటలో వింతయేమి?

'ఇది మన పూర్వుల వైద్యమే కదా, దీనిని నిందింపనేల?' అని కొందఱు అడుగుదురు. మా సమాధానమేమనగా, ఇది పూర్వుల వైద్యము కాదు. మన అమ్మమ్మ శొంఠికషాయము కాచినపుడు ఆమె యెదుట ఒక రోగి యుండెను. ఆ బిడ్డ వయస్సు, ఒడలితత్త్వము, నిన్న తిన్న తిండి ఆమెకు తెలియును. ఎంత ఈయవలెనో ఉగ్గుగిన్నె కొలత యుండెను. మఱునాటికి తగ్గనిచో ఆచారిగారిని పిలువవలెనను హద్దును ఉండెను. వికటించినచో ఆ నింద ఆమెదే. అందుచే ఆమె జాగ్రత్తపడెను. సందేశమున రోగి లేడు, కొలతకు కారణము లేదు, హద్దు లేదు, బాధ్యుడు లేడు. అమ్మమ్మ పేరు చెప్పుకొని తిరుగుచున్నదే గాని దానియందు అమ్మమ్మ గుణము ఒక్కటియు లేదు.

గృహవైద్యమునకు మేము శత్రువులము కాము. ఇంటిలో చేయదగిన వైద్యములలో ఉత్తమమైనదానిని చదువరులు ఎఱుగుదురు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన 6 చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు: విరేచనముల రోగికి ఇది ప్రాణదానము. 1971 లో బంగాళదేశపు కాందిశీకులు బనగావ్ శిబిరములలో కలరాచే మరణించుచుండగా, నరములలోనికి ఎక్కించు ద్రవము చాలకపోయినందున, వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీటిని రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి సుమారు 30 గా నుండిన మరణములు 4 కంటె తక్కువకు దిగినవి. ఇదియు తల్లుల చేతి వైద్యమే, చవుకయైనదే, ఇంటింటికి పంపదగినదే. భేదమంతయు కొలతలో నున్నది, లెక్కలో నున్నది, చెప్పినవాడు తన పేరుతో నిలుచుటలో నున్నది. ఉప్పు మితిమీరినచో ఇదే ద్రవము బిడ్డకు ప్రమాదము. కొలతను విడిచి మందును మాత్రము పంపువాడు మందులో సగమే పంపుచున్నాడు.

మన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రయు ఇచ్చట స్మరింపదగినది. 1895 లో భీమవరమున జన్మించిన ఆ మహనీయుని సోదరులను స్ప్రూ అను గ్రహణివ్యాధి కబళించినది. అదే వ్యాధి తనకు సోకినపుడు ఆయనను నిలిపినది ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదము. ఆయన లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో బోధించెను. ఆ మేలును ఆయన 'నాకు తగ్గినది, మీరును పుచ్చుకొనుడు' అని ఉత్తరములు వ్రాసి ముగింపలేదు. అమెరికాకు పోయి ప్రయోగశాలలో దీర్ఘకాలము శ్రమించెను; ఆయన నడిపిన లెడర్లీ పరిశోధకబృందము 1945 లో ఫోలిక్ ఆమ్లమును లోకమునకిచ్చెను. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందైనది. స్వానుభవము ఆయనకు ప్రశ్నకు మొదలు. మన సందేశములకు అది విచారణకు తుది.

వ్యాపారపు మందునకుసైతము ఒక మర్యాద యుండెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893 లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించిరి. ఆ ధనమే పిమ్మట ఆంధ్రపత్రికను, 1924 నుండి భారతిని పోషించినది. కావున తెలుగు మాసపత్రికలవారు ఇంటి మందులను చూచి ముక్కు విఱుచుట తగదు. ఆ డబ్బీమీద చేసినవాని పేరుండెను. మోసమైనచో పోయి అడుగవచ్చును. 1954 నాటి చట్టము మధుమేహము, పుట్టకురుపు మొదలగు రోగములకు మహిమగల మందులున్నవని ప్రకటించుటను నిషేధించినది. అమ్మువానిని ఆ చట్టము పట్టగలదు. ప్రేమతో ఉచితముగా పంపు మేనత్తను ఏ చట్టము పట్టగలదు, పట్టవలెనని ఎవరు కోరగలరు?

పేరు లేని మాట ఎంతదూరము పోగలదో మహమ్మారి సంవత్సరములలో తెలిసినది. 2020 ఏప్రిలులో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలమున, ఉమ్మెత్త గింజలు కరోనాను ఆపునను టిక్‌టాక్ దృశ్యమును నమ్మి సుమారు పదిమంది వానిని సేవించి ఆసుపత్రి పాలైరి. ఉమ్మెత్త విషమని ఎఱుగని పల్లె యున్నదా? ముండ్లకాయ ఆకారము క్రిమి చిత్రపటమును పోలియున్నదను ఒక్క ఉపమాలంకారము తరతరముల జ్ఞానమును మఱపించినది. 2021 మేలో కృష్ణపట్టణమున ఆనందయ్యగారి మందుకై వేలకొలది జనులు గుమిగూడిరి. కంటిచుక్కలు తప్ప తక్కిన మందులను ప్రభుత్వము ఆ నెలాఖరున అనుమతించినది. హాని లేదనుట వేఱు, గుణమున్నదనుట వేఱు. ఆ చుక్కలతో తేఱుకొంటినని చెప్పిన ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుని దృశ్యము రాష్ట్రమంతట వ్యాపించినది. ఆయన ఆ నెలాఖరుననే నెల్లూరు ఆసుపత్రిలో మరణించెను. మొదటి దృశ్యమును పంపినవారందఱును రెండవ వార్తను పంపవలెనను నియమము ఈ వాఙ్మయమున లేదు. ఇదియే దీని మహాదోషమని మా నిర్ణయము. తప్పు చెప్పుట ఏ గ్రంథమునకైనను తటస్థించును. తప్పొప్పుల పట్టిక చేర్చుటకు వీలులేని గ్రంథము ఇది యొక్కటియే.

వాట్సాప్ వారు 2018 లో 'ఫార్వర్డు చేయబడినది' అను ముద్ర వేయనారంభించి, మన దేశమున ఒకేమాఱు ఐదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసిరి. 2020 ఏప్రిలులో, అనేకమాఱులు చేతులు మాఱిన సందేశమును ఒకమాఱు ఒక్క చోటికే పంపవచ్చునని బిగించిరి. మంచిదే. అయితే ఆ ముద్రను మనవారు ఎట్లు చదువుచున్నారు? 'ఇంతమంది పంపినారు, నిజమే కావలెను' అని! హెచ్చరికగా వేసిన ముద్ర యోగ్యతాపత్రమైనది.

ఇక గృహములయందు జరుగవలసిన పని యొకటి కలదు. గ్రూపులో పెదనాన్నగారు పంపిన చిట్కా తప్పని నర్సు చదువు చదివిన కోడలికి తెలియును. తెలిసియు ఆమె పలుకదు. పలికినచో పదిమందిలో పెద్దను కాదనినట్లగును. ఈ మౌనమును మర్యాద యని మనము మెచ్చుకొనుచున్నాము. పెదనాన్నగారు చక్కెరవ్యాధి మాత్రలు మాని మెంతినీరు పట్టిననాడు ఈ మర్యాద ఆయనను కాపాడునా? ఆమె గ్రూపులో ఖండింపనక్కఱలేదు. ఆ సాయంకాలము ఆయనకే ఫోను చేసి, 'పెదనాన్నగారూ, మీరు పంపినది చూచితిని, మాత్రలు మాత్రము మానకండి' అని చెప్పవచ్చును. పెద్దలును ఆ కోడలి మాటకు చోటీయవలెను. చదివించిన చదువు ఇంటి క్షేమమునకు పనికిరానిచో దేనికి పనికివచ్చును?

సందేశమును పంపబోవువారు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. చెప్పినదెవరు? ఏ రోగికి? ఎంత కొలత? ఎప్పటివఱకు చూచి వైద్యునికడకు పోవలెను? ఈ నాలుగింటికి సమాధానమున్నది గృహవైద్యము, లేనిది వదంతి. ఈ భారమంతయు గృహిణులమీద వేయుటయు అన్యాయమే. వైద్యకళాశాలయు, నగరపాలక సంస్థయు, కర్మాగారములును తమ హెచ్చరికలను సులభమైన తెలుగులో, కొలతలతో, పేరుతో, అపాయము రాకముందే ఇంటింటికి అందజేయవలెను. పెద్దమ్మ చేతికి పంపదగినది ఏదియు ఈయక, పంపరానిది పంపినదని ఆమెను దూషించుట పౌరుషము కాదు.

పంపినవారెవరో తెలిసినను వ్రాసినవారెవరో తెలియని మందుచీటిని మన తాతలు అంగడివానికి చూపియుండరు. చీటి క్రింద సంతకము చూచుట వారికి మూఢాచారము కాదు. మన కదియు కష్టమైనదా?